పరంజా మీద గీత

డబ్బా పడినప్పుడు గీత అప్పుడే లేచి నిలబడింది. నోట్లో గ్లూకోజు బిళ్ళ ఇంకా పూర్తిగా కరగలేదు. పరంజా పైపలక మీద ఒక చివర తను, రెండో చివర నిచ్చెన బాబాయ్, ఇద్దరి మధ్యా సగం నిండిన తెల్లరంగు డబ్బా. ఆమె బ్రష్షు కోసం వెనక్కి తిరిగింది. అంతలో కింద ఢామ్మని చప్పుడు. గ్రంథాలయం హాల్లో బల్లల మీద కప్పిన పాత గుడ్డల మీదా, గుడ్డలు దాటి నేల మీదా తెల్లరంగు చిమ్మింది. అదృష్టం బాగుండి ఆ పక్కన ఎవరూ లేరు.

అదే క్షణంలో ఆమె జేబులో ఫోను మోగింది. ఎవరో చేసిన ఫోను కాదు. భుజం కింద అంటించుకున్న సెన్సరు పంపే మోత. షుగరు పడుతోందని అది ఇందాకే ఒకసారి చెప్పింది. చెప్పింది కాబట్టే ఆమె పలక మీద కూర్చుంది, బిళ్ళలు నమిలింది, వేళ్ల వణుకు తగ్గేదాకా ఆగి మరీ లేచింది. ఇప్పుడు మోగింది రెండో హెచ్చరిక. సెన్సరు ఎప్పుడూ ఒంటికన్నా కాస్త వెనకబడే ఉంటుంది. ఆ సంగతి కిందున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? వాళ్లు విన్నది డబ్బా పడిన చప్పుడు, దాని వెనకే కుయ్‌కుయ్‌మని ఈ గోల.

"గీతా! కదలకు! ఏదో ఒకటి గట్టిగా పట్టుకో!" కిందినుంచి మామయ్య కేక పెట్టాడు.

ఆమె అసలు పేరు గీత కాదు. టేపు అంటించకుండా, ఉత్త బ్రష్షుతో గోడకీ సీలింగుకీ మధ్య అంచు తీయడంలో ఆమెకి సాటి ఎవరూ లేరని మామయ్య పెట్టిన పేరది. పనిలోకి వచ్చిన మొదటి ఏడాదే పెట్టాడు. అసలు పేరు ఇప్పుడు ఆస్పత్రి చీటీల మీద తప్ప ఎక్కడా కనపడదు. మామయ్యంటే అమ్మకి సొంత తమ్ముడు, ఈ పెయింటర్లకి మేస్త్రీ. మోకాళ్లు అరిగిపోయాక పరంజా ఎక్కడం మానేసి కిందినుంచే అందరినీ ఆడిస్తున్నాడు.

"పట్టుకునే ఉన్నా. బాగానే ఉన్నా మామయ్యా," అందామె, ఒక చేత్తో ఇనప గొట్టం పట్టుకుని, రెండో చేత్తో ఫోను నోరు నొక్కుతూ. గొంతు తనకే కాస్త పలచగా వినిపించింది.

"ఇదా బాగుండడం? దిగు. ముందు దిగు."

"ఆ డబ్బా నేను..."

"దిగమన్నానా!"

ఆమె పలక అవతలి చివరకి చూసింది. నిచ్చెన బాబాయ్ గోడకి ఆనుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. మనిషి మహా పొడుగు. ఆ పేరు ఎందుకొచ్చిందో కొత్తవాళ్లకి చెప్పక్కర్లేదు. "నిచ్చెన పట్టుకురా" అని మామయ్య కేకేస్తే "ఏ నిచ్చెన?" అని అడగనివాళ్లు లేరు. ఆ పొడుగు మనిషి ఇప్పుడు ఆమె వైపు చూడలేదు, కిందికీ చూడలేదు. చేతిలో రోలరుని, దాన్ని జన్మలో ఎప్పుడూ చూడనట్టు, చూస్తూ నిలబడ్డాడు.

ఆమె దిగింది. ఒక్కో మెట్టూ జాగ్రత్తగా, అందరూ చూస్తున్నారని తెలిసి ఇంకాస్త జాగ్రత్తగా. అలా దిగడం చూస్తే నిజంగానే ఒంట్లో బాగాలేని మనిషిలా ఉంటుందని సగం దిగాక తట్టింది.

చప్పుడు విని పక్కగదిలోంచి గ్రంథాలయం మేడం వచ్చింది. సన్నగా, కళ్లజోడు మెడలో వేలాడేసుకుని ఉంటుంది. "ఎవరికైనా తగిలిందా?"

"లేదు మేడం. మా మేనకోడలు. షుగరుంది. కళ్లు తిరిగినట్టున్నాయి," అన్నాడు మామయ్య.

"కళ్లు తిరగలేదు," అంది గీత.

"షుగరా? ఈ వయసులోనా?" అంది మేడం. అందరూ అడిగేదే. తర్వాత ఏం అడుగుతారో కూడా గీతకి తెలుసు: తీపి ఎక్కువ తినేదానివా, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా, ఫలానా ఆకు నమిలితే మా పెద్దమ్మకి పోయింది, నువ్వూ నములు.

"ఇది వేరే రకం మేడం. చిన్నప్పుడే వచ్చింది. నా ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, బయటినుంచి వేసుకుంటాను. పెళ్లికి ముందునుంచీ గోడలెక్కుతూనే ఉన్నా."

ఎవరూ నవ్వలేదు. మేడం మామయ్య వైపు తిరిగింది. "నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ నా హాల్లో మనిషి పడితే నేను తట్టుకోలేను. దయచేసి ఆవిణ్ణి పైకి పంపకండి."

ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి పక్కమనిషితో మాట్లాడింది. మామయ్య తలూపాడు, గీత తరఫున.

రంగు ఆరితే నేల వదలదు. ముగ్గురూ గుడ్డలు తడిపి కింద కూర్చున్నారు. తుడుస్తున్నంతసేపూ నిచ్చెన బాబాయ్ ఆమెకి వీపు తిప్పే ఉన్నాడు. తుడవడం అయ్యాక ఆమె సంచిలోంచి చిన్న మిషను తీసి, వేలు గుచ్చి, రక్తం చుక్క అద్ది, వచ్చిన అంకె మామయ్యకి చూపించింది. "చూడు. నూట పది. మామూలు మనిషికి ఉన్నట్టే ఉంది."

మామయ్య కళ్లు చిట్లించి చూశాడు. "ఇప్పుడు కదా ఇది. అప్పుడెంత?"

లేచే ముందు వేలు గుచ్చి చూసుకోవాల్సింది. చేతులు కుదుటపడ్డాయి కదా అని లేచింది.

"రేపట్నుంచి తలుపులు, కిటికీలు చూసుకో. పైపని నిచ్చెన చేస్తాడు," అన్నాడు మామయ్య, గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు. తిట్టినా ఆమెకి ఇంత కష్టంగా ఉండేది కాదు.

*

ఆమె భర్త బేకరీలో పనిచేస్తాడు. తెల్లారకముందే వెళ్లి, మధ్యాహ్నానికి ఒంటినిండా వెన్న వాసనతో ఇంటికొచ్చి, సాయంత్రం వంట తనే చేస్తాడు. కేకులు చేసేవాడికి షుగరున్న పెళ్లాం దొరికిందని పెళ్లిలోనే రెండువైపుల చుట్టాలూ కడుపుబ్బా నవ్వుకున్నారు. ఆమెకి షుగరు అతనివల్లే వచ్చిందని నమ్మే మేనత్త ఒకావిడ ఇప్పటికీ అతనితో సరిగ్గా మాట్లాడదు, పెళ్లికి ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉందని ఎంత చెప్పినా.

పళ్లెంలో పెట్టినదాన్ని ఆమె ఒక్క చూపులో కొలిచింది. ఇంత రొట్టె, ఇంత పప్పు. ఇన్సులిన్ పెన్ను చివర తిప్పి, చొక్కా అంచు ఎత్తి, పొట్ట పక్కన గుచ్చి, కాసేపు అలాగే పట్టుకుని తీసింది. మాట మధ్యలో ఆపకుండానే ఇదంతా చేసింది. మిగతావాళ్లు మాట్లాడుతూ జుట్టు ముడేసుకున్నట్టు.

"అయితే డబ్బా తన్నింది నువ్వేనా?" అని అడిగాడు అతను, అంతా విని.

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? కాలు నీదేగా!"

"నువ్వు నిద్రలో మాట్లాడావని నేను చెప్తే, కాదని గట్టిగా అనగలవా?"

అతను ఆలోచించాడు. "అనలేను."

"ఇదీ అంతే. షుగరు పడ్డప్పుడు నాకు నేనే సాక్ష్యం చెప్పుకోలేను. నేను బాగానే ఉన్నాననే నాకు గుర్తు. డబ్బా నా కాలికి తగిలినట్టు ఏమాత్రం గుర్తు లేదు. కానీ షుగరు బాగా పడిపోయినప్పుడూ బాగానే ఉన్నాననే అంటాగా నేను? నువ్వే చెప్తావు కదా."

అతను రొట్టె తుంచి పప్పులో ముంచుతూ ఆగాడు. "షుగరు పడితే నువ్వు మొట్టమొదట చేసేది నన్ను తిట్టడం. ఉత్తపుణ్యానికి, పెళ్లినాటి సంగతుల దగ్గర్నుంచి మొదలెడతావు. ఇవాళ పైన ఎవరినైనా తిట్టావా?"

"లేదు."

"మీ మామయ్య దిగమని అరిచినప్పుడు?"

"బాగానే ఉన్నా మామయ్యా, అన్నాను."

"అంత మర్యాదగానా? అయితే నీ షుగరు రాయిలా కదలకుండా ఉంది. ఆ డబ్బా నువ్వు తన్నలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ రోజంతటికీ అదే నవ్వు. కానీ ఆ సాక్ష్యం మామయ్య దగ్గర చెల్లదు.

గిన్నెలు కడుగుతుండగా అమ్మ ఫోను చేసింది. "తమ్ముడు చెప్పాడు. మంచిపని చేశాడు. ఎన్నాళ్లనుంచో చెప్తున్నా వాడికి, దాన్ని పైకి ఎక్కించకురా అని. ఇప్పటికి విన్నాడు."

"నువ్వు చెప్తున్నావా? ఎన్నాళ్లనుంచి?"

"నువ్వు చేరినప్పట్నుంచీ. వాడేమో, అక్కా, అది గీసినట్టు నేనే గీయలేను, కింద కూచోబెడితే ఏడుస్తుంది అనేవాడు. కన్నతల్లిని, నా భయం నాది. ఏమనుకోకు."

గీత ఏమీ అనుకోలేదు. చేతిలో కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఇన్నేళ్లూ మామయ్య తన కోసం అమ్మతో పోట్లాడుతూ వచ్చాడన్నమాట. తనకి ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క డబ్బా పడేసరికి ఓడిపోయాడు.

*

మర్నాడు పొద్దున నేల మీద పని కాబట్టి ఆమె మందు కాస్త పెంచి వేసుకుంది. చేతులు తలపైకెత్తి గంటలకొద్దీ సీలింగు కింద పనిచేస్తే షుగరు దానంతటదే కరిగిపోతుంది, అప్పుడు తక్కువ మందు చాలు. తలుపు ముందు కూర్చునే పనికి అలా కాదు. దించేసినందుకు ఒంటికి కూడా జరిమానా పడిందనుకుంది.

గ్రంథాలయం తలుపులు పాతవి, గట్టివి. గరుకు కాగితంతో రుద్ది, పగుళ్లలో లప్పం పెట్టి, మళ్లీ రుద్దింది. పని చెడ్డదేం కాదు. మామయ్య దయే భరించలేకుండా ఉంది. ఊరికే వచ్చి "తిన్నావా?" అంటాడు. "నీళ్లు తాగావా?" అంటాడు. ఆమె లేచి నిలబడితే "మెల్లిగా" అంటాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె ఇన్సులిన్ పెన్ను తీస్తే, ఇన్నేళ్లలో ఎప్పుడూ చూపు తిప్పుకోని మనిషి, చూపు తిప్పుకున్నాడు.

నిచ్చెన బాబాయ్ వాళ్లతో కూర్చోలేదు. కడుపులో బాగాలేదని చెప్పి గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని తిన్నాడు.

పైన ఆయన తీస్తున్న అంచు వంకర పోతోంది. కిందినుంచే తెలుస్తోంది. కుడివైపు బాగానే వస్తోంది, ఎడమకి పోయేకొద్దీ తెలుపు గోడమీదికి దిగుతోంది. మామయ్య మెడ ఎత్తి చూసి, "రోలరు చెయ్యి బ్రష్షుకి అలవాటు పడాలిలే," అన్నాడు. ఎవరికి చెప్పుకున్నాడో.

గీత తలుపు రుద్దుతూ పైకి చూడడం మొదలుపెట్టింది. మొదట అంచుని చూసింది. తర్వాత మనిషిని చూసింది. ఆయన పలక మీద నడిచేటప్పుడు అడుగు వేసే ముందు బొటనవేలితో తడుముతున్నాడు. ఎడంవైపు ఉన్న డబ్బా కోసం చెయ్యి చాపితే చెయ్యి డబ్బా దాటి గాల్లోకి పోయింది. వెనక్కొచ్చి, తడిమి, పిడి దొరకబుచ్చుకుంది. ఎడంవైపు ఏదైనా చూడాలంటే కళ్లు తిప్పడం లేదు, పిట్టలా తలంతా తిప్పుతున్నాడు.

ఆమె చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది. నిన్న పడిన డబ్బా ఆయనకి ఎడంవైపునే ఉంది.

ఇంటికెళ్లాక భర్తకి చెబుదామనుకుంది, చెప్పలేదు. కోపం రావాల్సింది. అంతకన్నా ముందు ఇంకేదో వచ్చింది. తన కాలు తనదేనన్న నమ్మకం. ఆ రాత్రి పడుకోగానే నిద్ర పట్టింది.

*

మూడో రోజు మామయ్య రంగు తీసుకురావడానికి కొట్టుకి వెళ్లాడు. వెళ్లే ముందు పరంజా ఎడమ చివర ఒక పలకని కిందినుంచే లాగేసి, డబ్బాలు పెట్టుకోవడానికి కింద బల్లలా వేసుకున్నాడు. "ఆ చివర పలక లేదు, చూసుకో," అని పైకి చెప్పాడు. నిచ్చెన బాబాయ్ రోలరు ఆపకుండానే ఊఁ కొట్టాడు.

హాల్లో వాళ్లిద్దరే. గీత తలుపుకి ప్రైమరు వేస్తోంది. బాబాయ్‌తో ఎలా మాట్లాడాలో పొద్దుట్నుంచీ మాటలు కూడబలుక్కుంటోంది. అడగాలా, నిలదీయాలా, ఊరుకోవాలా? పైన రోలరు గరగరమంటూ సాగుతోంది, ఆగుతోంది, మళ్లీ సాగుతోంది. ఆ చప్పుడు ఎడమకి జరుగుతోందని చెవికి ముందు తెలిసింది. తల ఎత్తింది.

ఆయన వెనక్కి జరుగుతున్నాడు, మడమ పలక చివర ఉంది. రెండో కాలు లేచింది.

"బాబాయ్! ఆగు! కాలు కింద పెట్టకు!"

లేచిన కాలు లేచినట్టే ఆగింది.

"అక్కడ పలక లేదు. కుడివైపుకి రా. గొట్టం పట్టుకో. ఇటు, నా గొంతు వైపు."

ఆయన వచ్చాడు. పలక మధ్యకి వచ్చి, అక్కడే చతికిలబడిపోయాడు. చాలాసేపటికి లేచి దిగాడు. ఆ పొడుగు మనిషి దిగుతుంటే పరంజా మొత్తం సన్నగా వణికింది. కింద గుడ్డల మీద ఆమె పక్కనే కూలబడ్డాడు. ఆమె నీళ్ల సీసా ఇచ్చింది.

"ఎడమ కన్ను," అన్నాడు రెండు గుక్కలు తాగాక. "ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటది. మొదట్లో రంగు దుమ్మేమో అనుకున్నా. కడుక్కుంటే పోలేదు."

"ఎన్నాళ్లయింది?"

"కొన్ని నెలలు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే?" ఆయన ఆమె వైపు తలంతా తిప్పి చూశాడు. "చెప్తే ఏమవుతుందో నిన్ను చూశాగా! నీకు ఆ మోత మోగడం ఆలస్యం, దించేశారు. నాకీ వయసులో కింద ఏం పనిస్తారు తల్లీ? గుడ్డలు ఉతకమంటారు."

"మరి ఆ డబ్బా..."

"నా కాలే." ఆయన సీసా మూత పెట్టబోతే మర సరిగ్గా కూర్చోలేదు. "తగిలిన మరుక్షణం తెలిసింది నాకు. చెబుదామనుకున్నా. ఇంతలో నీ ఫోను మోగింది. అందరూ నీ వైపు చూశారు. నోరు పెగల్లేదు."

గీతకి ఇప్పుడొచ్చింది కోపం. వచ్చాక గట్టిగానే వచ్చింది.

"నా పని పోగొట్టావు, సరే. అది కాదు బాబాయ్ నేననేది. రెండు రోజులు నా కాలు మీద నాకే నమ్మకం లేకుండా చేశావు. నేనే తన్నానేమో, గుర్తులేదేమో అనుకుంటూ తిరిగాను. ఈ రోగంతో ఇన్నేళ్లు ఎలా బతికాననుకున్నావు? నా ఒంటి మాట నేను నమ్మి బతికాను. అదీ పోతే నాకింకేముంది?"

ఆయన తల వంచుకున్నాడు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆమె వెంటనే మెత్తబడిపోయేదేమో. మూతని తిప్పుతూ, తీస్తూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "నీకు భయం వెయ్యదా అక్కడ?" అని అడిగాడు.

"వేస్తుంది. అందుకే మాటిమాటికీ చూసుకుంటాను."

"నేను చూసుకోలేదు. భయమేసి."

ఆమె బ్రష్షు తీసుకుని మళ్లీ తలుపు ముందు కూర్చుంది. ప్రైమరు అంచు అప్పటికే ఆరుతోంది. "మామయ్య వచ్చేలోగా ఆలోచించుకో. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. కక్షకి కాదు. నువ్వు పడితే నేను చూడలేను."

మామయ్య రెండు చేతులా డబ్బాలతో వచ్చేసరికి నిచ్చెన బాబాయ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. డబ్బాలు దించనివ్వకుండానే చెప్పేశాడు. కన్ను సంగతి, ఆ రోజు సంగతి, ఇందాకటి సంగతి. మాటలు ముందూ వెనకా అయిపోయాయి. మామయ్య విన్నాడు. డబ్బాలు ఒక్కోటీ నేల మీద పెట్టి, వాటి పిడులన్నీ ఒకే వైపుకి తిప్పి, అప్పుడు తలెత్తాడు.

"నీ పక్కన పలక మీద నిలబడి సగం జీవితం గడిపాను. నాతో చెప్పడానికి నోరు రాలేదా?"

"రాలేదు మేస్త్రీ."

"రేపు పొద్దున్నే కళ్లాస్పత్రికి పోతున్నాం. నేనే తీసుకెళ్తా. రానన్నావంటే భుజానేసుకుని పోతా, నీ కాళ్లు నేల మీద ఈడ్చుకుపోయినా సరే." తర్వాత గీత వైపు తిరిగాడు. మొహం ఎర్రబడి ఉంది. "నువ్వేంటే మరి? నేను కాదని గట్టిగా చెప్పొచ్చుగా?"

"నువ్వు నన్ను అడగలేదు మామయ్యా. దిగమన్నావు."

ఆయన జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులకి ఏమీ అంటలేదు.

"పైపని నీదే. ఎక్కు," అన్నాడు.

"ఎక్కుతా. కానీ ఎక్కిన ప్రతివాళ్లూ బెల్టు కట్టుకోవాలి. నేనొక్కదాన్నే కాదు."

పడిపోకుండా నడుముకి కట్టుకునే బెల్టులు బయట సామాను బండిలో డబ్బాల అడుగున ఎప్పట్నుంచో పడున్నాయి. అవి కట్టుకుంటే చెయ్యి ఆడదని, గాలి ఆడదని, ఇంకేవో ఆడవని మామయ్యే ఎన్నోసార్లు అన్నాడు. ఇప్పుడు నేరుగా బండి దగ్గరికి నడిచాడు. దుమ్ము దులిపిన చప్పుడు హాల్లోకి వినిపించింది.

గ్రంథాలయం మేడంకి మామయ్యే చెప్పాడు. ఆమె కాసేపు కళ్లజోడు తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడి, ఈసారి నేరుగా గీత దగ్గరికొచ్చింది. "మీతో నేను మాట్లాడాల్సింది ఆ రోజు. ఆ మోత మళ్లీ మోగితే మేమేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు మేడం. భయపడకండి చాలు. అది మోగిందంటే ఏమీ జరగకముందే నాకు తెలిసిందని అర్థం."

*

మర్నాడు గోడ పొడుగునా అంచు మొదటినుంచీ తీయాల్సొచ్చింది. బాబాయ్ వంకర గీతల మీద ఒక చుట్టు వేసి, ఆరనిచ్చి, మధ్యాహ్నానికి ఆమె అసలు పని మొదలుపెట్టింది. నడుముకి బెల్టు, బెల్టు నుంచి గొట్టానికి తాడు. మొదట్లో అడ్డొచ్చింది, తర్వాత ఉన్న సంగతే మర్చిపోయింది. బ్రష్షు ముంచి, డబ్బా అంచుకి ఒక పక్క మాత్రం ఒత్తి, ఊపిరి బిగబట్టి లాగడం. చెయ్యి కదలకూడదు, మనిషి మొత్తం నడవాలి.

కళ్లాస్పత్రి నుంచి మామయ్యా, బాబాయీ వచ్చేశారు. పొర తీసేస్తే చూపు వస్తుందన్నారట, పై వారమే రమ్మన్నారట. అప్పటిదాకా తలుపులు ఆయనవి. "ఈ తలుపు ఎవరు రుద్దారు? నున్నగా పసిపిల్ల వీపులా ఉంది," అంటూ కింద కూర్చుని పనిలో పడ్డాడు.

హాలు మధ్య దాకా వచ్చింది గీత. ఏకబిగిన లాగాల్సిన చోటు. ఇక్కడ ఆపితే రంగు అంచు ఆరిపోతుంది, దాని పక్కన మళ్లీ మొదలుపెడితే అతుకు పడి వెలుతుర్లో ఎప్పటికీ కనిపిస్తుంది. అప్పుడే పెదాలు తిమ్మిరెక్కినట్టు అనిపించింది. ఫోను ఇంకా మోగలేదు. ఈసారి ఆమెకే ముందు తెలిసింది. చంకల్లో చల్లటి చెమట.

ఇదివరకైతే గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా బిళ్ళ నోట్లో వేసుకుని, ఈ చివరి కాస్తా లాగేద్దామని చూసేది. ఎన్నోసార్లు లాగేసింది కూడా.

బ్రష్షు గోడ మీదినుంచి ఎత్తింది.

"మామయ్యా, షుగరు పడుతోంది."

కింద రుద్దుతున్న చప్పుడు ఆగింది. జేబులో ఫోను అప్పుడు మొదలెట్టింది తన గోల. మామయ్య రెండంగల్లో పరంజా దగ్గరికొచ్చాడు. మొహం పైకెత్తాడు. నోటిదాకా వచ్చిన మాటని మింగడం ఆమెకి పైనుంచి స్పష్టంగా కనిపించింది.

"దిగుతావా, అక్కడే కూర్చుంటావా?" అని అడిగాడు.

"కూర్చుంటా. తాడు ఉందిగా. కానీ అంచు తడి ఆరిపోతుంది మామయ్యా."

"నువ్వు కూర్చో."

ఆమె పలక మీద కూర్చుని, బిళ్ళలు నమిలింది. చేతులు వణుకుతున్నాయి, వణకనిచ్చింది. కింద ఇనప మెట్లు కిర్రుమన్నాయి. మామయ్య రెండో బెల్టు కట్టుకుని, మోకాళ్లని తిట్టుకుంటూ, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కుతున్నాడు. నిచ్చెన బాబాయ్ వచ్చి రెండు చేతులతో పరంజా గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. మేడం ఒకసారి తలుపులోంచి తొంగిచూసింది, చూసి వెళ్లిపోయింది.

పైకొచ్చాక మామయ్య ఆమె బ్రష్షు అందుకుని, రంగులో కాస్త ముంచి, ఆమె ఆపిన చోట మెల్లిగా అద్దడం మొదలుపెట్టాడు. ముందుకి ఒక్క వేలెడు కూడా పోలేదు. ఆరబోతున్న అంచు మీదే అటూ ఇటూ తడి రాస్తూ ఉన్నాడు. ఆరబోతే మళ్లీ రాస్తాడు. తర్వాత చేతిని గాల్లో ఆపి చూస్తాడు. మళ్లీ రాస్తాడు.

గీత వేలు గుచ్చి చూసుకుంది. ఇంకాస్త ఆగాలి. ఆగింది. తొందరేం లేదు. పెదాల తిమ్మిరి వదిలింది, చెదిరినట్టు కనిపిస్తున్న కిటికీ వెలుగు కుదురుకుంది. రెండోసారి గుచ్చింది. అంకె చూసి, మిషను జేబులో పెట్టి, గొట్టం పట్టుకుని లేచింది.

"జరుగు మామయ్యా," అంది. "నీ చెయ్యి వంకర."

ఆయన బ్రష్షుని పిడి ముందుకి వచ్చేలా తిప్పి ఇచ్చి, గోడకి అతుక్కుపోయి దారిచ్చాడు.